లింగధారి చేతి దండము

పట్టభద్రుడైన కుమారునకు ఒక్క సంవత్సరముననే రెండు అవకాశములు కలసివచ్చిన గృహములు మన సమాజమున అక్కడక్కడ కానవచ్చుచున్నవి. రాష్ట్ర పోలీసు నియామక మండలి పరీక్షలో సబ్ ఇన్‌స్పెక్టరుగా ఎంపికయైనవాడే, కేంద్ర ప్రభుత్వమువారు ఏట రెండుమారులు జరుపు సైనికాధికారుల వ్రాతపరీక్షయందును ఉత్తీర్ణుడై, ఇంటర్వ్యూ పిలుపునకు ఎదురుచూచుచుండును. అప్పుడు ఇంట ఒక సభ కూడును. తండ్రి జీతభత్యములు లెక్కించును. తల్లి సరిహద్దును తలచుకొని కన్నీరు పెట్టుకొనును. ఇంటిలో ఒక పోలీసు అధికారి యున్నచో పొలము గట్టు తగాదాలు వాటంతట అవియే సర్దుకొనునని మేనమామ సెలవిచ్చును. పెండ్లి సంబంధములు చూచు పెద్దలు ఏ ఉద్యోగమునకు ఎంత విలువయో ముందుగనే నిర్ణయించి యుందురు. ఆ సభలో ఎవ్వరును అడుగని ప్రశ్న యొకటి కలదు. ఇష్టలింగమును ధరించినవానికి ఈ రెండు వృత్తులలో ఏది కాయకము కాగలదు?

మేనమామగారి మాటకు మొదటనే సమాధానము చెప్పి ముందునకు సాగుదము. మేనల్లుని అధికారమును తన గట్టు తగాదాకు వాడుకొనదలచినవాడు ఆ యువకుని ఉద్యోగములో చేరకమునుపే చెరచినవాడు. మన గ్రామములలో పోలీసు పటేలు పదవి వంశపారంపర్యముగ సాగిన కాలము నెరిగిన వృద్ధులకు దీనిని గూర్చి విస్తరించి చెప్ప పనిలేదు. ఆ పదవులు ఆంధ్రప్రదేశమున 1980 దశకమున రద్దయినవి. వాటి వెంట ఆ ఆశ రద్దు కాలేదు.

ఇక అసలు విషయము. లింగధారి ఆయుధమును పట్టవచ్చునా అనునది మొదటి చిక్కు. కొందరు 'వీర' శబ్దమును ఆధారము చేసికొని, వీరభద్రుని యెదుట ఖడ్గములు చదువు మనకు ఆయుధము క్రొత్తయా అందురు. సిద్ధాంతశిఖామణి ఆ పదమునకు చెప్పిన అర్థము వేరు. శివజీవుల యైక్యమును తెలుపు విద్యయందు రమించువాడే అచ్చట వీరుడు. శబ్దబలము చూపి సైన్యమున చేరుమనుట చేతకాని వాదము. మరికొందరు దీనికి పూర్తిగ విరుద్ధముగ, దయను ధర్మమునకు మూలముగ నిలిపిన బసవేశ్వరుని అనుయాయి తుపాకి పట్టరాదు, లాఠీ ఎత్తరాదు అందురు. వీరి మాట వినసొంపుగ నున్నది. కాని దానిని ఇంకొంచెము లోతుగ పరిశీలింపవలసి యున్నది.

బసవేశ్వరుని గోవులను దొంగలు తోలుకొనిపోయిన వృత్తాంతము మన ఇండ్లలో పిల్లలకు సైతము తెలియును. గోవులు పోయినవని మొరపెట్టుకొనిన వారితో ఆ మహానుభావుడు, తల్లులకు దూరమైన లేగలు అంగలార్చును గనుక వానిని కూడ ఆ దొంగలకు అప్పగించి రమ్మనెనని సంప్రదాయము. అట్టి గురువును కొలుచువాడు దొంగకు బేడీలు ఎట్లు వేయగలడు? ఈ ప్రశ్నకు సమాధానము ఆ కథలోనే యున్నది. ఆ గోవులు బసవేశ్వరునివి. తనకు జరిగిన నష్టమును తాను క్షమించుటకు ఆయనకు సంపూర్ణమైన అధికారము కలదు. పేద వితంతువు పాడిగేదెను అపహరించినవానిని, ఆమె పక్షమున, ఆమెను అడుగకుండ క్షమించు అధికారము కావలివానికి ఎక్కడిది? తన సొత్తు పోయినప్పుడు లేగను సైతము పంపగల హృదయము, ఇతరుల సొత్తు పోయినప్పుడు రాత్రియంతయు మేల్కొని వెదకవలయును. ఒకే హృదయము ఈ రెండు పనులను చేయవలసి యుండుటయే ఈ వృత్తిలోని కష్టము. ఇతరుల నష్టమును ఉదారముగ క్షమించి, తనకు జరిగిన చిన్న అవమానమునకు లాఠీ ఎత్తు అధికారిని మనము చూచియే యున్నాము. ఆ కథను అతడు తలక్రిందులు చేసికొనినాడు.

అనుభవమంటపమున కూర్చున్నవారి కాయకములను ఒకమారు స్మరించినచో ఈ సంశయము చాలవరకు తీరును. సుంకము వసూలుచేసిన బంకణ్ణ అందు కలడు. తళవారి కామిదేవయ్య అందు కలడు. తళవారి యనగా మన తలారియే. ఊరికి కావలికాయుచు, రాత్రులు గస్తీ తిరుగుచు, దొంగను పట్టి అప్పగించువాడు. శరణులు ఆ పనిని మానివేసి రమ్మని ఆయనను శాసింపలేదు. ఆ కాయకముతోనే ఆయనను తమ నడుమ కూర్చుండబెట్టుకొనిరి. అదే శరణ సమూహమున కన్నద మారితందె అను వచనకారుడును కలడు. కన్నము వేయుట ఆయన పూర్వవృత్తి. కన్నము వేసినవానికిని, కన్నగాండ్రను పట్టువానికిని ఒకే పంక్తిని ప్రసాదము లభించిన చోటది. నేటి లాకప్పు గదిలో కటకటాలకు ఇవతల నిలిచిన లింగధారి, అవతలివానిని గూర్చి ఈ సంగతిని మరువరాదు. సాక్షాత్తు బసవేశ్వరుడే బిజ్జలుని కొలువున భండారి. రాజ్యము నిలుచునది దండముపై అని ఆయనకు తెలియదా? తెలిసియే కొలువు చేసెను. ఎంతవరకు చేసెనను విషయమునకు పిదప వత్తును.

కావున ఆయుధము పట్టుట యను మాత్రముననే ఏ వృత్తియు కాయకత్వమును కోల్పోదు. ఎవరియెదుట పట్టుచున్నాడు, ఎవరి ఆజ్ఞకు పట్టుచున్నాడు, పట్టిన పిదప ఏమి చేయుచున్నాడు అను మూడింటిపై అది ఆధారపడి యుండును. ఈ మూడింటియందును సైనికునికి, పోలీసునకు చాల భేదము కలదు. ఖాకీకిని పచ్చరంగు దుస్తులకును గల భేదము దాని ముందు స్వల్పము.

సైనికుని యెదుట నిలుచువాడు సాయుధుడు. అతడును చంపుటకే వచ్చినవాడు. ఇద్దరి ప్రాణములును సమానముగ పణమై యుండును. పైగా ఆ యెదుటివాడు సైనికునకు అపరిచితుడు. అతనిపై పగ లేదు, అతనినుండి పొందదగిన లాభమును లేదు. సైనికుని సేవాకాలమున అధికభాగము యుద్ధము లేని కాలమే. శిక్షణయందు, కావలియందు, తన క్రింది జవానుల బాగోగులయందు అది గడచును. అధికారిగ శిక్షణ పొందువానికి డెహ్రాడూనునందు గాని చెన్నైయందు గాని మొట్టమొదట నేర్పునది, దేశక్షేమము మొదటిది, తన జవానుల క్షేమము రెండవది, తన సుఖము ఎల్లప్పుడును కడపటిది అను క్రమము. దాసోహమెరిగిన ఇంట పెరిగినవానికి ఈ పాఠము క్రొత్తగ తోచదు. జంగమునకు వడ్డించిన పిదపనే తాను భుజించుటకు అలవాటుపడినవాడు, జవానులు తిన్నారో లేదో చూచి తాను తినుటకు సులువుగ అలవాటుపడును.

సైనికునికి గల ధర్మసంకటము రెండు తావుల ఎదురగును. మొదటిది, యెదుటివాడు ఆయుధము క్రింద పెట్టిన క్షణము. అప్పటివరకు సమానుడైనవాడు ఆ క్షణమున బలహీనుడగును. కిత్తూరు చెన్నమ్మ రాణి 1824 అక్టోబరులో ఆంగ్లేయుల సేనను ఎదిరించినప్పుడు థాకరే హతుడయ్యెను; ఇద్దరు ఆంగ్లేయాధికారులు, స్టీవెన్‌సనును ఎలియటును, ఆమెకు బందీలైరి. ఆమె వారికి హాని తలపెట్టక పిదప విడిచిపుచ్చెను. ఆ ఔదార్యమునకు ఆంగ్లేయులు చేసిన ప్రతిక్రియ ఏమో చరిత్ర యెరుగును. మరల దండెత్తివచ్చి కోటను పట్టుకొనిరి, రాణి బైలహొంగల కోటలో చెరయందే 1829లో లింగైక్యము చెందినది. అయినను ఆమె చేసినది పొరపాటని మన ఇండ్లలో ఎవ్వరును అనరు. 1971 డిసెంబరు 16వ తేదీన ఢాకాయందు లొంగిపోయినవారు, తదుపరి మన చెరయందున్నవారు దాదాపు 93,000 మంది. వారిని జెనీవా ఒప్పందముల ప్రకారము పోషించి 1974 నాటికి స్వదేశమునకు పంపివేసిరి. ఆ యుద్ధములో మన విజయమును గూర్చి చెప్పుకొనువారు ఈ రెండవ సంగతిని అంతగ చెప్పుకొనరు. చెప్పుకొనవలసినది నిజమునకు ఇదియే.

రెండవ సంకటము ఆజ్ఞ. 1930 ఏప్రిలు 23న పెషావరులో నిరాయుధులైన ఖుదాయి ఖిద్మత్‌గారులపై కాల్పులు జరుపుమని ఆజ్ఞయైనప్పుడు గఢ్వాలు దళమునకు చెందిన చంద్రసింగు, అతని సహచరులు తుపాకులు ఎక్కుపెట్టుటకు నిరాకరించిరి. సైనిక న్యాయస్థానము చంద్రసింగునకు యావజ్జీవ శిక్ష విధించినది. 1941లో గాని అతడు విడుదల కాలేదు. ఆ దినముననే ఇతర దళములు కాల్చినవి, ప్రజలు మరణించిరి. ఒకే ఆజ్ఞ, ఒకే పట్టణము, ఒకే దినము. స్వతంత్ర భారతదేశమున 1950 నాటి సైనిక చట్టము పై అధికారి ఆజ్ఞను ధిక్కరించుటను నేరముగ చెప్పుచు, ఆ ఆజ్ఞకు 'చట్టబద్ధమైన' అను విశేషణమును చేర్చినది. ఆ విశేషణమే సైనికుని అంతరాత్మకు మిగిలిన కొద్దిపాటి చోటు. అది ఇరుకైనదే. కాల్పుల మధ్య నిలిచి ఆజ్ఞ చట్టబద్ధమో కాదో విచారించుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. అయినను ఆ పరీక్ష సైనికాధికారి జీవితమున ఏ ఒకటి రెండు మారులో వచ్చును. అనేకులకు అసలే రాకపోవచ్చును.

పోలీసు అధికారి సంగతి అట్లు కాదు. అతని పరీక్ష ప్రతిదినమును ఉదయము తొమ్మిది గంటలకే ప్రారంభమగును. అతనియెదుట నిలుచువాడు సాయుధుడు కాడు, అపరిచితుడును కాడు. అతడు అదే ఊరివాడు, అదే భాష మాట్లాడువాడు, చాల తరచుగ పేదవాడు, భయముతో ముడుచుకొని నిలిచినవాడు. ఫిర్యాదు తీసికొని వచ్చినవాడైనను, నేరము మోపబడి వచ్చినవాడైనను ఆ గదిలో ఇద్దరును బలహీనులే. అక్కడ ఆజ్ఞ యిచ్చు పై అధికారి యుండడు, చూచు లోకమును ఉండదు. కాగితముపై ప్రథమ సమాచార నివేదికను వ్రాయుట, వ్రాయకుండుట, ఒక మాటను చేర్చుట, ఒక పేరును విడుచుట, ఒకనిని కుర్చీలో కూర్చుండుమనుట, ఇంకొకనిని నేలపై కూర్చుండబెట్టుట, ఇవన్నియు ఆ సబ్ ఇన్‌స్పెక్టరు ఇష్టాయిష్టములు. సైనికుని ప్రమాదము ఇతరుల ఆజ్ఞనుండి వచ్చును. పోలీసు ప్రమాదము తన ఇచ్ఛనుండియే పుట్టును.

మన చట్టములే ఈ ప్రమాదమును ఎరిగి యున్నవి. పోలీసు అధికారికి నిందితుడు చేసిన నేరాంగీకారము అతనిపై సాక్ష్యముగ చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టము నిర్ణయించినది. దాని స్థానమున 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఆ నియమమును నిలుపుకొనినది. పట్టుబడినవానిని ప్రయాణకాలము మినహా 24 గంటలలోపల మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెనని రాజ్యాంగము 22వ అధికరణమున ఆదేశించినది. నిర్బంధమునకు పత్రము వ్రాయవలెను, సాక్షి సంతకము ఉండవలెను, బంధువునకు తెలియజేయవలెను అని డి.కె. బసు దావాలో 1996 డిసెంబరున సుప్రీముకోర్టు విధించినది. ఒక్కమారు ఆలోచింపుడు. గుమాస్తాకు చెప్పిన మాట చెల్లును, వ్యాపారికి చెప్పిన మాట చెల్లును, పోలీసునకు చెప్పిన మాట చెల్లదు. నూట యేబది సంవత్సరములకు పైగా ఒక దేశము తన ఉద్యోగులలో ఒక వర్గమును గూర్చి ఇట్టి అనుమానమును చట్టముగ వ్రాసి పెట్టుకొనినదన్నచో, ఆ మూసిన గదిలో జరుగుదానిని ఆ దేశము ఎరిగి యున్నదన్నమాట.

ఇష్టలింగ పూజ యందు మన ఎడమ అరచేయియే పీఠము. ఆ కరపీఠముపై లింగమును నిలిపి, దృష్టి నిలిపి, కుడిచేత విభూతిని పుష్పమును అర్పింతుము. ఉదయము ఆ చేయి దేవాలయమగును. అదే దినము మధ్యాహ్నము లాకప్పు గదిలో ఆ చేయి ఒకని చెంపపై పడినదనుకొందము. సాయంకాలము మరల అదే చేతిలో లింగమును ఎట్లు నిలుపుదుము? ఇది అలంకారమునకు చెప్పుచున్న మాట కాదు. గుడియందు దేవుని కొలుచువాడు గుడిని విడిచి వచ్చి ఏమి చేసినను, గుడి అక్కడనే శుచిగ నుండును. దేహమునే దేవాలయము చేసికొనినవానికి ఆ సౌలభ్యము లేదు. స్టేషనుకు వెళ్లునప్పుడు దేవాలయమును ఇంటియొద్ద విడిచిపోలేడు.

ఈ భేదమును చూచి అనేకులు, అట్లయినచో సైన్యమే మేలు, అక్కడ చేయి మలినము కాదు, గౌరవమును అధికము అందురు. వారు ఒక సంగతిని మరచుచున్నారు. మన ప్రాంతముననే 1948 సెప్టెంబరు 13 మొదలు ఐదు దినములు జరిగిన హైదరాబాదు సైనిక చర్యను నేటికిని అందరును 'పోలీసు చర్య' యనియే పిలుతురు. సేనలు, శతఘ్నులు, టాంకులు నడిపినది సైన్యము. పేరు మాత్రము పోలీసుది. రజాకారుల దౌర్జన్యమునుండి విముక్తి లభించినదని మన పెద్దలు సంతోషించిన మాట నిజము. వారి బాధ అంతటిది. కాని పిదప జరిగినదానిని విచారించుటకు కేంద్ర ప్రభుత్వము పంపిన పండిత సుందర్‌లాల్ సంఘము, చర్య ముగిసిన దినములలో అమాయకులైన ముస్లిములు పెద్ద సంఖ్యలో హతులైరని, ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు మిక్కిలి దెబ్బతినినవని, కొన్ని తావుల యూనిఫారము ధరించినవారును దోపిడీలో పాల్గొనిరని వ్రాసినది. ఆ నివేదిక చాలకాలము బయటికి రాలేదు. ఆ బీదరు జిల్లాయందే కల్యాణ పట్టణము కలదు. బసవేశ్వరుడు భండారియై మెలగిన నేల అది. మన కుటుంబములు అధికముగ నివసించు జిల్లాలవి. ఈ సంగతిని మన పత్రికలలో వ్రాయుట కొందరికి రుచింపకపోవచ్చును. వ్రాయకుండుట నాకు రుచింపలేదు. సైన్యము జనుల మధ్యకు వచ్చినప్పుడు సైనికునికిని పోలీసు పరీక్షయే వచ్చును. శాంతిభద్రతలకై సైన్యమును పిలిచినప్పుడు వీలైనంత తక్కువ బలమును వాడి, దేహమునకును ఆస్తికిని వీలైనంత తక్కువ హాని చేయవలెనని నేర విచారణ స్మృతి చిరకాలముగ చెప్పుచు వచ్చినది. నేటి నాగరిక సురక్షా సంహితయు అదే చెప్పుచున్నది. దయ అను మాటను వాడకుండ చట్టము దయను చెప్పిన వాక్యము అది.

నా అభిప్రాయము దాచవలసిన పనిలేదు. రెండును కాయకములే కాగలవు. కాని మన బిడ్డలలో ఉత్తములైనవారు సైన్యమువైపే చూచి, పోలీసు శాఖను మేనమామల ఆశలకు విడిచిపెట్టుట నాకు సమ్మతము కాదు. సరిహద్దునకు ఒక సైనికాధికారి కావలసియుండుట నిజము. తాలూకా కేంద్రమున రాత్రి పదకొండు గంటలకు దెబ్బలు తిని స్టేషను మెట్లెక్కిన స్త్రీకి, ఆ బల్లవెనుక కూర్చున్నవాడే రాజ్యము, వాడే న్యాయము. రాజ్యాంగము మొత్తము ఆమెకు అతని ముఖమున కనబడును. కుర్చీ చూపి, నీరు తెప్పించి, ఆమె చెప్పినది చెప్పినట్లు వ్రాయు ఒక లింగధారి అచ్చట ఉన్నచో అతని కాయకము ఏ వ్రతమునకును తీసిపోదు.

అక్కడ నిజాయితీగ బ్రతుకుట అసాధ్యమని వెంటనే ఒక ఆక్షేపణ వచ్చును. సైన్యమున లంచమునకు తావు తక్కువ, పోలీసునందు తావే లేనిచోటు లేదు అందురు. ఈ మాటలో సత్యము కొంత కలదు. దానికి బసవేశ్వరుని జీవితమునుండియే ఒక సంగతి చెప్పెదను. పాల్కురికి సోమనాథుని బసవపురాణము చదివినవారు ఎరుగుదురు. భండారపు ధనమును బసవడు జంగములకు వ్యయము చేయుచున్నాడని కొండెగాండ్రు బిజ్జలునకు చెప్పిరి. రాజు లెక్క అడిగెను. బసవడు కోపగించలేదు, తన భక్తిని సాక్ష్యముగ చూపలేదు, మహాత్ముని శంకింతురా అని అడుగలేదు. భండారమును తెరిచి లెక్క చూపెను, ధనము సరిపోయినది. కథలోని మహిమను భక్తులు కొనియాడుదురు. నాకు ఆ మహిమకంటె ఆయన లెక్కకు ఒప్పుకొనుటయే ఎక్కువగ మనసున నిలిచినది. అనుమానింపబడు పదవిలో కూర్చున్నవాడు అనుమానమును అవమానముగ భావింపకుండుట గొప్ప శిక్షణ. డి.కె. బసు తీర్పును తనపై వేసిన నిందగ భావించు అధికారి ఒకడు. తన లెక్క చూపుటకు దొరికిన సాధనముగ భావించువాడు ఇంకొకడు. మన యువకుడు రెండవవాడు కాగలడా అని తండ్రి చూడవలెను.

స్వభావమును గూర్చియు ఒక మాట. కోపిష్ఠియైన బాలుని చూచి 'వీడు పోలీసుకే పనికివచ్చును' అనుట మన ఇండ్లలో వాడుక. ఇంతకంటె విపరీతమైన ఎంపిక లేదు. కోపిష్ఠిని, మూసిన గదిలో, బలహీనుని యెదుట, సాక్షి లేకుండ కూర్చుండబెట్టుట నిప్పును గడ్డివామి ప్రక్కన పెట్టుటయే. అట్టివానికి క్రమశిక్షణయందు, సహచరుల మధ్య, పై అధికారి కన్నులయెదుట జీవితము గడచు సైన్యము కొంత క్షేమము. మెత్తని మనసువాడు, ఎదుటివాని మాటను ఓపికగ వినువాడు, ఒంటరిగ నున్నప్పుడును పదిమందిలో నున్నట్లే ప్రవర్తించువాడు పోలీసునకు తగినవాడు. అతనినే మనము 'వీడు అమాయకుడు, బడిపంతులు పని చూచుకొనుము' అని పంపివేయుచున్నాము.

కుమార్తెల విషయమునను ఇదే విచారణ. కిరణ్ బేదీ 1972లో భారతీయ పోలీసు సేవలో చేరిన మొదటి స్త్రీ. చెన్నైయందలి అధికారుల శిక్షణశాల 1992నుండి స్త్రీలకు శిక్షణ యిచ్చుచున్నది. ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీయు సుప్రీముకోర్టు 2021లో ఇచ్చిన ఆదేశము పిదప వారిని చేర్చుకొనుచున్నది. అక్కమహాదేవిని పీఠముపై నిలిపి పూజించు సమాజము తన కూతురు దరఖాస్తు పెట్టినప్పుడు మాత్రము వరుని వెదకుటకు తొందరపడుట తగునా?

ఆహారము, లింగపూజ మొదలగు విషయములలో తల్లులకు గల భయములు అంత పెద్దవి కావు. శాకాహారికి ఈ రెండు చోట్లను భోజనము దొరకును. పూజకు వేళ తప్పవచ్చును. రాత్రి విధి ముగిసి ఉదయము పది గంటలకు ఇల్లు చేరినవాడు అప్పుడే స్నానము చేసి పూజించుకొనును. లింగము ఎల్లవేళల దేహముపై నుండుటయే మన మతమున ఇట్టి వృత్తులకు గొప్ప అనుకూలము. కొండపై కావలియున్న సైనికునకు గుడి దూరమని చింత లేదు.

నిజముగ చింతింపదగిన విషయము ఒకటి మిగిలినది. బసవేశ్వరుడు కొలువును ఎంతవరకు చేసెనను దానిని పిదప చెప్పెదనంటిని. హరళయ్య కుమారునకును మధువరసు కుమార్తెకును జరిగిన వివాహమునకై ఆ తండ్రులను రాజు క్రూరముగ శిక్షించినప్పుడు, అట్టి రాజ్యపు భండారము తన చేతిలో నుండుట ఇక సాగదని ఆయన కల్యాణమును విడిచి కూడలసంగమమునకు వెడలిపోయెను. అంతటి పదవిని ఒక్క దినమున విడువగలిగెను. నేటి యువకుడు అవసరమైనప్పుడు అట్లు విడువగలడా? ఈ విషయమున రెండు వృత్తులకు భేదము కలదు. సైనికాధికారి తన ఇచ్ఛానుసారము వెడలిపోలేడు; రాజీనామాను ప్రభుత్వము అంగీకరింపవలెను, అల్పకాలిక సేవయైనను పది సంవత్సరములకు కట్టుబడవలెను. పోలీసు అధికారి రాజీనామాయిచ్చి బయటికి వచ్చుట సులభము. చట్టమునుబట్టి సులభమేగాని, ఇంటినిబట్టి కాదు. ఆ ఉద్యోగమును చూపి కట్నము పుచ్చుకొనియుందురు. ఇల్లు కట్టుటకు అప్పు చేసియుందురు. నియామకమునకై ఎవరికో సొమ్ము ముట్టజెప్పి పొలము తాకట్టు పెట్టినవారును ఉందురు. పై అధికారి ఒక రాత్రి ఫోను చేసి, లాకప్పులోని మనిషి చేత సంతకము ఎట్లయినను పెట్టించుమని చెప్పినప్పుడు, కాదనుటకు కావలసిన ధైర్యమును ఆ తాకట్టు కాగితము ముందుగనే కొనివేసియుండును. కనుక కుమారుని ఏ శిక్షణకు పంపినను, ఆ జీతముపై మొదటి ఐదారు సంవత్సరములు ఇంటివారు ఎవ్వరును అప్పు చేయకుండుట, ఆ పదవిని చూపి ఎవ్వరియొద్దను ఏమియు పుచ్చుకొనకుండుట మంచిది. మన మఠములు పెండ్లి సంబంధములు కుదుర్చునప్పుడు ఈ మాటను ఇరువైపులవారికిని చెప్పవచ్చును; స్వాములవారు చెప్పినచో వినువారు ఇంకను కలరు.